నీమో సంగతి తర్వాత, ముందు నీళ్ల సంగతి!

రీల్స్‌లో మెరైన్ ట్యాంకులు చూస్తూనే ఉంటాం. నీలం లైటు, ఊగే పగడాలు, మధ్యలో నారింజ రంగు క్లౌన్ ఫిష్. ‘మన హాల్లో కూడా ఒకటి పెడితే?’ అనిపిస్తుంది. వెంటనే చేప రేటెంత, ట్యాంక్ రేటెంత అని వెతుకుతాం. నీళ్ల గురించి ఎవరూ అడగరు. నీళ్లదేముంది, ఉప్పు కలిపితే సరిపోతుందిగా అనుకుంటాం. చాలా ట్యాంకుల్లో చేపల కష్టాలు మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

మరి ఏ ఉప్పు కలపాలి? వంటింట్లో కల్లుప్పు కూడా సముద్రం నుంచి వచ్చిందే కదా? వచ్చిందే. కానీ నౌపడ లాంటి చోట్ల ఉప్పు మడుల్లో సముద్రపు నీళ్లు ఎండుతున్నప్పుడు కాల్షియం చాలావరకు ముందే విడిపోతుంది. తర్వాత సోడియం క్లోరైడ్ గడ్డకడుతుంది. మెగ్నీషియం మిగిలిన చేదునీళ్లలో ఉండిపోతుంది, దాన్ని పారబోస్తారు. అంటే మన చేతికొచ్చేది సముద్రంలో ఒక ముక్క మాత్రమే. చేపలకి, పగడాలకి ఆ మిగతావీ కావాలి. అందుకే అక్వేరియం షాపుల్లో దొరికే మెరైన్ సాల్ట్ మిక్సే వాడాలి.

‘మాది వైజాగ్. బీచ్ నుంచి నాలుగు క్యాన్లు తెచ్చుకుంటే పోలా?’ అని అడిగేవాళ్లుంటారు. ఒడ్డు దగ్గర నీళ్లలో ఊరి మురుగు, పడవల ఆయిల్, రోగక్రిములు కలిసే అవకాశం ఎక్కువ. పైగా వానాకాలంలో నదుల వరద బంగాళాఖాతంలో కలిసి పైనీళ్ల ఉప్పదనం తగ్గిపోతుంది. ఈ నెల తెచ్చిన నీళ్లు, వచ్చే నెల తెచ్చేవి ఒకేలా ఉంటాయన్న గ్యారంటీ లేదు.

ఇక మంచినీళ్ల సంగతి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది చేపల మొప్పల్ని దెబ్బతీస్తుంది, ట్యాంకులో మనకి పనికొచ్చే బ్యాక్టీరియాని చంపేస్తుంది. బోరు నీళ్లలో ఏమేం కరిగి ఉన్నాయో చూసి చెప్పలేం. నైట్రేట్, ఫాస్ఫేట్ ఎక్కువుంటే ట్యాంకంతా నాచు పట్టేస్తుంది. తాగే నీళ్ల ఆర్వో మెషిన్ ఉందంటారా? చాలా మెషిన్లు రుచి కోసం ఖనిజాల్ని మళ్లీ కలుపుతాయి. టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి. మనకి కావాల్సింది సున్నాకి దగ్గర. అందుకే ఆర్వో తర్వాత డీఐ ఫిల్టర్ కూడా ఉన్న నీళ్లు వాడతారు. మెషిన్ వదిలేసే నీళ్లు ఇల్లు తుడవడానికి పనికొస్తాయి.

కలిపే పద్ధతి సింపుల్. శుభ్రమైన ప్లాస్టిక్ డ్రమ్ములో ముందు నీళ్లు పోయండి, తర్వాత ఉప్పు కొంచెం కొంచెంగా వేయండి. ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం తెల్లగా విడిపోయి నీళ్లు పాలలా అవుతాయి. లోపల చిన్న పంపు ఒకటి తిరుగుతూ ఉండాలి. లీటరుకి సుమారు 35 నుంచి 40 గ్రాములు పడుతుంది, కచ్చితమైన లెక్క ప్యాకెట్ మీద ఉంటుంది. నీళ్లు తేటపడ్డాక, 25 డిగ్రీల దగ్గర, రిఫ్రాక్టోమీటర్‌తో కొలవండి. 35 పీపీటీ రావాలి. చేపలున్న ట్యాంకులో నేరుగా ఉప్పు ఎప్పుడూ వేయొద్దు.

ఇంకో లెక్క ఉంది. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరవదు. 100 లీటర్ల ట్యాంకులో 5 లీటర్లు తగ్గితే, ఆ లోటుని ఉప్పునీళ్లతో నింపారనుకోండి. 35 కాస్తా 36.75 అవుతుంది. నాలుగుసార్లు అలాగే చేస్తే 42. ఫ్యాన్లు, ఏసీలు తిరిగే ఎండాకాలంలో ఇది తొందరగానే జరిగిపోతుంది. కాబట్టి గ్లాసు మీద మార్కర్‌తో గీత పెట్టుకుని, తగ్గినంత ఉత్త ఆర్వో-డీఐ నీళ్లే పోయండి. ఉప్పు కలిపిన నీళ్లు పోసేది పాత నీళ్లు తీసి మార్చినప్పుడు మాత్రమే. అప్పుడు కూడా ఉప్పదనం, వేడి ట్యాంకుతో సమానంగా ఉండాలి.

నీళ్లు రెడీ అయినా చేపకి ఇంకా టైముంది. చేప వ్యర్థాలు, మిగిలిన మేత అమోనియాగా మారతాయి. బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా స్థిరపడటానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఉప్పునీళ్ల పీహెచ్ 8 దాటి ఉంటుంది కాబట్టి ఇక్కడ అమోనియా మరింత విషం. టెస్ట్ కిట్‌లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా ఆగాల్సిందే.

ఆగడం బోర్ కొట్టొచ్చు. కానీ క్లౌన్ ఫిష్‌ని హేచరీల్లో పెంచుతున్నారు గానీ, షాపుల్లో కనిపించే మెరైన్ చేపల్లో ఎక్కువ రకాలు ఇప్పటికీ సముద్రంలో పట్టి తెచ్చినవే. పగడాల దిబ్బల మధ్య తిరిగే ప్రాణిని మన హాల్లోకి తెస్తున్నాం. దానికి బయటికి పోయే దారి లేదు, మనం ఇచ్చిన నీళ్లలోనే బతకాలి. అందుకే ఈ నెల చేప కొనకండి. రిఫ్రాక్టోమీటర్, టెస్ట్ కిట్, ఒక డ్రమ్ము కొనండి.