పొగ బలము కాదు

అమెరికా దేశమున పికప్ ట్రక్కు రైతుకు పనిముట్టు, యువకునకు వేడుక. 1989లో డాడ్జి పికప్పునకు కమ్మిన్స్ వారి 5.9 లీటర్ల డీజిల్ ఇంజను నమర్చినప్పుడు దాని బలము 160 అశ్వశక్తులు. కంపెనీ ఇచ్చినదానితో తృప్తిపడక, బయట కొన్న భాగములతో బలమును పెంచుకొనుట అచట పెద్ద వ్యాపారమైనది. మన విద్యార్థులలోను సెలవుదినములను మెకానిక్ షెడ్లలో గడుపువారు కలరు. కావున ఈ విషయమున మా అభిప్రాయమును తెలుపుట ఉచితమని తలచితిమి.

డీజిల్ ఇంజనునకు స్పార్కు ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా నొక్కగా పుట్టిన వేడికే ఇంధనము మండును. లోపలికి పోయిన గాలికి తగినంత ఇంధనమే చక్కగా మండును. మించి పోసినది మసియై పొగగొట్టమున బయటపడును. కావున నల్లని పొగ బలమునకు గుర్తు కాదు, డబ్బిచ్చి కొన్న డీజిల్ వృథా యగుచున్నదనుటకు గుర్తు.

బలము కోరువాడు ముందుగా గాలిని గూర్చి ఆలోచింపవలెను. శుభ్రమైన ఎయిర్ ఫిల్టరు, చీలికలు లేని గొట్టములు, టర్బో నుండి వచ్చు వేడిగాలిని చల్లార్చు ఇంటర్‌కూలరు మొదటి మెట్లు. చల్లని గాలి చిక్కనిది. అందు ప్రాణవాయువు హెచ్చు. ఆ పిమ్మటనే ఇంధనపు కొలతను మార్చు ట్యూనింగు. అది చేయించువాడు పొగగొట్టపు వేడిని తెలుపు మీటరును తప్పక పెట్టించవలెను. వేడి హద్దు మీరినచో పిస్టనులే కరగును. పెరిగిన బలమును క్లచ్చి, గేరుబాక్సు మోయవలెను, బ్రేకులు ఆపవలెను. ఒక ఎద్దును మేపి, జత ఎద్దును ఎండగట్టినచో బండి సాగునా?

ఇక పొగను వడకట్టు పరికరములను పీకివేయుట కొందరికి దగ్గరిదారిగా తోచుచున్నది. 2020 నవంబరు నాటి అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ నివేదిక ప్రకారము, అంతకు ముందు పదేండ్లలో 5,50,000కు పైగా డీజిల్ పికప్పులలో ఈ పరికరములు తొలగింపబడినవి. తద్వారా వెలువడు నైట్రోజన్ ఆక్సైడులు, సక్రమముగా నున్న 90 లక్షల పికప్పులను అదనముగా రోడ్డుపైకి తెచ్చినదానితో సమానమట! బాటసారుల ముఖమున బుద్ధిపూర్వకముగా పొగ చిమ్మి నవ్వువారును అచట కలరు. ఇందలి చాతుర్యము మాకు బోధపడలేదు.

ఫిల్టరు మూసుకొనిపోవును, ఖర్చు భారమగునని యజమానులు మొరపెట్టుట అసత్యము కాదు. కాని చిన్న చిన్న ప్రయాణములు, కారు ఇంజెక్టర్లు, తగని ఇంజను ఆయిలు అందుకు ముఖ్యకారణములు. కారణమును సరిచేయక ఫిల్టరును తీయుట, జ్వరము తగ్గుటకు థర్మామీటరును పగులగొట్టుట వంటిది. మన దేశమున 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 ప్రమాణములు అమలులోనికి వచ్చినవి. రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది. మదనపల్లె మార్కెట్టునకు టమాటా తెచ్చు పికప్పునకు పరిమితికి మించిన బరువును తగ్గించుటకంటె మేలైన ట్యూనింగు లేదు.

కళాశాల కమిటీవారు ఏడాదికొకమారైనను అనుభవజ్ఞుడైన మెకానిక్కును పిలిపించి, మన భౌతికశాస్త్ర విద్యార్థుల యెదుట ఒక ఇంజనును విప్పించి చూపింపవలెనని కోరుచున్నాము. పుస్తకమున చదివిన ఉష్ణగతిశాస్త్రము చేతికి నూనె అంటిననాడే బుద్ధికెక్కును. విద్యార్థులారా! బండికి బలము పెంచుడు, తప్పులేదు. కాని ఆ బలమునకు మూల్యమును వెనుక నడచువాని ఊపిరితిత్తుల నుండి వసూలు చేయకుడు.