మోసినవాళ్ల పేర్లు



ప్రతి ఏడాదీ మన వార్షికోత్సవ సంచికలో "మన హాస్టల్ ఆణిముత్యాలు" అని ఒక పేజీ వేస్తారు. ఇంజనీర్లు, డాక్టర్లు, గ్రూప్ వన్ ఆఫీసర్లు, లెక్చరర్లు, అందరూ ఫొటోలతో సహా. సంతోషమే. మన గదుల్లో మన పక్కన పడుకున్నవాళ్లు అంత దూరం వెళ్లారంటే ఎవరికి గర్వం ఉండదు? కానీ ఇదే హాస్టల్లో చదివి 108 బండి మీద ఈఎంటీలుగా, పైలట్లుగా పనిచేస్తున్న అన్నల పేరు ఒక్కటి కూడా ఆ పేజీలో ఇంతవరకు మేం చూడలేదు. (పైలట్ అంటే విమానం నడిపేవాడు కాదు తమ్ముళ్లూ, 108లో డ్రైవర్‌ని అలాగే పిలుస్తారు. ఈఎంటీ అంటే వెనక రోగి పక్కన కూర్చుని దారిలోనే చికిత్స మొదలుపెట్టే మనిషి.) ఎందుకు వేయలేదని అడిగితే "అది కాంట్రాక్టు ఉద్యోగం కదన్నా" అన్నారు. ఆ మాట మాకు గుచ్చుకుంది. ఎందుకో చెప్పాలంటే ముందు మా బ్యాచ్ సంగతి చెప్పాలి.

1998 వానాకాలం. అప్పుడు మన హాస్టల్లో మంచాలు లేవు. ట్రంకు పెట్టెలు గోడకు పెట్టుకుని బండల మీద దుప్పట్లు పరుచుకుని వరసగా పడుకునేవాళ్లం. ఒక రాత్రి ఎనిమిదో తరగతి తమ్ముడొకడు ఏదో కుట్టిందని లేచాడు. పెద్దగా నొప్పి లేదన్నాడు. గాటు కూడా సరిగా కనబడలేదు. చీమో, జెర్రో అనుకుని పడుకోమన్నాం. కాసేపటికి కడుపులో నొప్పి అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. రెప్పలు వాలిపోయాయి. నిద్రపోతున్నాడనుకున్నాం. దుప్పటి కప్పి లైటు తీసేశాం.

ట్రంకు పెట్టెల సందులో కట్లపాము కనబడ్డాక గాని కేకలు మొదలవలేదు. తువ్వాలుతో కాలు బిగించి కట్టాం. పసుపు పెట్టాం. వార్డెన్ గారు ఊళ్లో లేరు. గేటు తాళంచెవి కామాటి దగ్గర ఉంది, కామాటి ఇల్లు ఊరికి అవతల. తాళం పగలగొట్టి, తమ్ముణ్ణి దుప్పట్లో వేసుకుని రోడ్డుదాకా మోసుకొచ్చాం. పాల వ్యాను దొరికింది. మొదటి ఆసుపత్రిలో మందు లేదన్నారు. రెండో ఆసుపత్రి చేరేలోపు ఊపిరి ఆగిపోయింది.

కట్లపాము విషం నరాలను పడుతుందని, రెప్పలు వాలడం దాని మొదటి గుర్తుల్లో ఒకటని, చివరికి ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయని మాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఊపిరి ఆగినా గుండె వెంటనే ఆగదు. ఆ సమయంలో బయటి నుంచి ఊపిరి అందిస్తూ, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేరిస్తే బతికే అవకాశం ఉంటుంది. బిగించి కట్టడం వల్ల మేలేమీ లేదు, కీడే ఎక్కువ. ఆ పాల వ్యానులో మేం ఆరుగురం ఉన్నాం. ఆరుగురికీ ఊపిరితిత్తులున్నాయి. ఎలా ఊదాలో ఒక్కడికీ తెలియదు.

అందుకే అంబులెన్స్ అంటే బండి అని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. బండి ఆ రోజు దొరికింది. దొరకనిది చదువు.

చరిత్ర చూసినా ఇదే కనబడుతుంది. 1790లలో నెపోలియన్ కాలపు ఫ్రెంచి సైన్యంలో డొమినిక్ జాన్ లారే అనే శస్త్రవైద్యుడు గాయపడ్డవాళ్లను యుద్ధం సాగుతుండగానే మోసుకొచ్చే తేలికపాటి గుర్రపు బండ్లు పెట్టాడు. బండ్లకంటే గొప్పది ఆయన పెట్టిన నియమం. సైనికాధికారా, మామూలు సిపాయా అని చూడకుండా ఎవరి గాయం ప్రమాదకరమైతే వాళ్లకే ముందు చికిత్స. హోదాను పక్కనబెట్టి ప్రాణాన్ని చూడమన్న ఆ నియమమే ఈనాటి ప్రతి అత్యవసర విభాగానికీ పునాది.

మనవాళ్ల సంగతి కూడా ఇందులో ఉంది. 1899లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం వచ్చినప్పుడు గాంధీ గారు నేటాల్‌లో భారతీయ అంబులెన్స్ దళం పెట్టారని పాఠాల్లో చదివాం. అందులో సుమారు 1,100 మంది ఉన్నారు. స్వతంత్రంగా బతికే భారతీయులు దాదాపు 300 మందే. మిగతా అందరూ చెరుకు తోటల్లో, గనుల్లో ఒప్పందం మీద పనిచేసే కూలీలు. నేటాల్ కూలీల్లో ఎక్కువమంది మద్రాసు రాష్ట్రం నుంచి ఓడెక్కిన తమిళులు, తెలుగువాళ్లు. గంజాం, విశాఖ జిల్లాల నుంచి కరువుకు తాళలేక వెళ్లినవాళ్లు. అందులో మన వాడలవాళ్లు తక్కువేమీ కాదు. గాయపడ్డ సైనికులను స్ట్రెచర్ల మీద భుజాన వేసుకుని రోజుకు ఇరవై, పాతిక మైళ్లు నడిచారు. యుద్ధం అయ్యాక పతకాలిచ్చారు. ఎవరికి? దళ నాయకులకు. మోసినవాళ్ల పేర్లు ఏ పాఠంలోనూ లేవు.

దీనికంటే మనసును పట్టుకునే కథ అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరానిది. అంత ధనిక దేశంలో కూడా 1960ల దాకా చాలా ఊళ్లలో రోగిని ఆసుపత్రికి తీసుకెళ్లేది శవాలు మోసే బండి. అంత్యక్రియల కంపెనీవాళ్లే అంబులెన్స్ కూడా నడిపేవాళ్లు. మనిషి పడుకుని పట్టేంత పొడుగు బండి వాళ్లకే ఉండేది మరి! పిట్స్‌బర్గ్‌లో పోలీసు వ్యాను వచ్చేది. రోగిని వెనక పడేసి పోలీసులిద్దరూ ముందు కూర్చునేవాళ్లు. నల్లవాళ్లు ఉండే హిల్ డిస్ట్రిక్ట్ అనే పేటకు ఆ వ్యాను వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. 1966లో ఆ దేశపు నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఒక నివేదిక వేసింది. 1965 ఒక్క ఏడాదిలో ప్రమాదాల్లో 1,07,000 మంది చనిపోయారని, దీన్ని పట్టించుకునే నాథుడే లేడని అందులో ఉంది.

ఆ నగరంలో పీటర్ సఫార్ అనే డాక్టరు ఉన్నారు. నోటితో ఊపిరి ఊది, ఛాతీ నొక్కి మనిషిని నిలబెట్టే పద్ధతికి ప్రాణం పోసినవాళ్లలో ఆయన ఒకరు. 1966లో ఆయన సొంత కూతురే ఉబ్బసంతో చనిపోయింది. సామాన్య మనుషులకు నేర్పితే వీధిలోనే ప్రాణం కాపాడవచ్చని ఆయన నమ్మకం. ఫిల్ హాలెన్ అనే ఆయనతోను, హిల్ డిస్ట్రిక్ట్‌లో పనిచేసే ఫ్రీడమ్ హౌస్ అనే సంస్థతోను కలిసి 1967లో శిక్షణ మొదలుపెట్టారు. ఎవరికి నేర్పారనుకున్నారు? ఆ పేటలో పని దొరకని నల్లజాతి యువకులకు. బడి మానేసినవాళ్లు, వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లు, జైలు చూసొచ్చినవాళ్లు కూడా ఉన్నారు. "వీళ్లు ఎందుకూ పనికిరారు" అని ఊరు తేల్చేసిన మనుషులు. ఆ మాట మనం విననిదా? సుమారు 300 గంటల శిక్షణ. శరీర నిర్మాణం, ఊపిరి, గుండె, కాన్పు, ఆసుపత్రిలో పని. బయటికొచ్చాక మొదటి ఏడాదిలోనే వేల పిలుపులకు వెళ్లారు. 1974లో నాన్సీ కెరొలిన్ అనే డాక్టరు వాళ్లకు వైద్య పర్యవేక్షణ చూసింది. ఆ అనుభవం మీదే ఆమె రాసిన పాఠాలు దేశమంతటికీ పారామెడిక్ చదువుకు ఆధారమయ్యాయి.

ఆ తర్వాత జరిగింది వినండి. తెల్లవాళ్ల పేటలు కూడా మాకూ అలాంటి సేవ కావాలన్నాయి. 1975లో నగరపాలన తన సొంత అంబులెన్స్ విభాగం పెట్టి ఫ్రీడమ్ హౌస్‌ను మూసేసింది. ఆ యువకుల్లో కొందరిని తీసుకున్నారు గాని, కొత్త పరీక్షలు పెట్టారు, పాత కేసులున్నవాళ్లను పంపేశారు, నిన్నగాక మొన్న వచ్చినవాళ్ల కింద పనిచేయమన్నారు. చాలామంది విసిగి వెళ్లిపోయారు. జాన్ మూన్ లాంటి కొద్దిమంది పట్టుబట్టి నిలబడి పై పదవుల దాకా వెళ్లారు. పని గౌరవం లేనప్పుడు నల్లవాళ్లది, గౌరవం వచ్చాక ఇంకొకరిది. ఈ న్యాయం మన దగ్గర కూడా తెలిసిందే.

మన 108 సంగతికి వద్దాం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్ కేంద్రంగా ఈఎంఆర్ఐ సంస్థ దీన్ని ప్రారంభించింది. తర్వాత ప్రభుత్వం చేయి కలిపింది. ఇక్కడి నుంచి ఎన్నో రాష్ట్రాలకు వెళ్లింది. పల్లెల్లో దాన్ని కుయ్ కుయ్ బండి అన్నారు. నడిపే సంస్థలు మారాయి, బండ్ల రంగులు మారాయి. మా దృష్టిలో ఇది తెలుగు నేల మీద జరిగిన గొప్ప పనుల్లో ఒకటి. బస్సు లేని తండాకు కూడా డబ్బు అడగని బండి వచ్చింది. కులం అడగని బండి వచ్చింది.

కానీ ఆ బండిలో ఉన్నదెవరు? బీయస్సీ చదివి, డీఎస్సీ రాక, మెస్సు బిల్లు కట్టలేక చేరిన మన అన్నలు. రాత్రి రెండింటికి కదిలే బండిలో పురుడు పోస్తున్నారు. నెత్తురోడుతున్న మనిషికి సూది పెడుతూ, ఫోన్లో డాక్టర్ చెప్పినట్టు మందు ఎక్కిస్తున్నారు. ఆసుపత్రిలో అప్పగించి బయటికొస్తే రోగి బంధువులకు వాళ్ల ముఖం కూడా గుర్తుండదు. సంస్థ మారినప్పుడల్లా ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అన్న భయం. కాంట్రాక్టు ఉద్యోగం అన్న మాట అబద్ధం కాదు తమ్ముడూ. అయితే అది వాళ్ల లోపం కాదు, వాళ్లకు జరిగిన అన్యాయం. ఆ అన్యాయాన్ని సర్కారు చేస్తే ధర్నా చేస్తాం. మన సంచిక చేస్తే?

వచ్చే సంచికలో ఆ పేజీలో వాళ్ల పేర్లు, ఫొటోలు రావాలని మేం సంపాదకవర్గానికి రాసి ఇచ్చాం. అంతటితో మా బాధ్యత తీరలేదని మాకు తెలుసు. ఈ వ్యవస్థ ఒక గొలుసు. ఆపదను గుర్తించేవాడు మొదటి కొక్కెం, ఫోన్ చేసేవాడు రెండోది. బండి వచ్చేది ఆ తర్వాతే. గుండె ఆగి పడిపోయిన మనిషికి ఎవరూ ఛాతీ నొక్కకపోతే నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున బతికే ఆశ తగ్గిపోతుంది. ఎంత మంచి బండి అయినా మన హాస్టల్‌కు నిమిషంలో రాదు. ఛాతీ మధ్యన రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే రెండంగుళాల లోతు నొక్కడం తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్క పూటలో నేర్చుకోగలరు. 108లో ఉన్న మన అన్నలు ముగ్గురు సెలవు రోజున వచ్చి నేర్పుతామన్నారు. తలగడలు చాలు, బొమ్మ కూడా అక్కరలేదన్నారు.

దారిలో ప్రమాదం చూసి కేసవుతుందని తప్పుకునేవాళ్లకు ఒక మాట. గాయపడ్డవాళ్లకు సాయం చేసినవాళ్లను వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టంలో కూడా చేర్చారు. పోలీసు కాగితాల కోసం చికిత్స ఆపకూడదని డాక్టర్లకు 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఈ ముక్కలు నోటీసు బోర్డు మీద రాయిస్తే బాగుంటుంది.

అడ్రసు గొడవ ఒకటుంది. మన హాస్టల్ ఎప్పటిలాగే ఊరి బయటే ఉంది. పోయిన నెల జ్వరంతో ఉన్న పిల్లవాడి కోసం వచ్చిన 108 మెయిన్ రోడ్డు మీద అటూ ఇటూ తిరిగింది. బోర్డు చీకట్లో కనబడదు. బోర్డుకు లైటు పెట్టించమని, ఫోన్ చేసేటప్పుడు చెప్పాల్సిన ఊరు, మండలం, గుర్తులు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించమని వార్డెన్ గారిని అడిగాం. సరేనన్నారు. పూర్వ విద్యార్థుల తరఫున లైటుకు డబ్బు మేం ఇస్తాం.

మిగిలింది గేటు. రాత్రి తాళంచెవి లోపల, అందరికీ తెలిసిన ఒక మేకుకు వేలాడాలి. అది ఎక్కడుందో ఐదో తరగతి పిల్లవాడు కూడా చీకట్లో చేయి పెట్టి తీయగలగాలి. ఆ మేకు ఈసారి వార్షికోత్సవం రోజున మా బ్యాచ్‌వాళ్లమే కొడతాం.