యానోడ్ ఎక్కడుందని అడగండి

విశాఖలో కొత్త కారు కొన్న ప్రతి ఇంట్లో మొదటి దిగులు తుప్పే. బీచ్ రోడ్డు వాళ్లకే కాదు, లాసన్స్ బే కాలనీ, జోడుగుళ్లపాలెం మొదలుకుని భీమిలి దాకా సముద్రపు గాలి తగిలే వీధులన్నిటా ఇదే గోడు. కొన్నేళ్లకే డోర్ కింది అంచు పొంగుతుంది. మడ్‌గార్డ్ లోపల పెయింట్ పొక్కులు లేస్తుంది. టింకరింగ్ షెడ్డుకి తోలితే గీకి, పుట్టీ పెట్టి, రంగేసి పంపుతారు. వానలు పడ్డాక అదే చోట మళ్లీ ఎర్రమరక. భయం నిజమైనది. ఆ భయాన్ని అడ్డుపెట్టుకుని పనికిరాని సరుకు అమ్ముతుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

ఈ వారం మా తోడల్లుడు కొత్త కారుకి ‘ఎలక్ట్రానిక్ తుప్పు రక్షణ’ బిగించుకుని వచ్చాడు. అరచేతిలో పట్టే నల్ల డబ్బా, బ్యాటరీకి రెండు వైర్లు, బానెట్ కింద రేకుకి అతికించిన రెండు బిళ్లలు, ఎప్పుడూ వెలిగే పచ్చ లైటు. పద్దెనిమిది వేలు తీసుకున్నారు. ‘ఇందులో యానోడ్ ఎక్కడుంది తమ్ముడూ?’ అని అడిగాను. ‘అదేం చెప్పలేదన్నయ్యా, చిప్ ఉందన్నారు. ఇది పెట్టాక అండర్ బాడీ కోటింగ్ కూడా అక్కర్లేదన్నారు’ అన్నాడు. పనికిరానిది అంటగట్టడం ఒక ఎత్తు. పనికొచ్చేదాన్ని మానిపించడం ఇంకో ఎత్తు. నా కోపం ముఖ్యంగా ఈ రెండోదాని మీద.

అమ్మేవాళ్లు చెప్పే సిద్ధాంతం పాతది, గట్టిది. ఇనుము తుప్పు పట్టడమంటే ఎలక్ట్రాన్లు పోగొట్టుకోవడం. బయటి నుంచి ఎలక్ట్రాన్లు అందుతూ ఉంటే ఇనుము తనవి వదులుకోదు. దీన్ని కాథోడిక్ రక్షణ అంటారు. 1824లో హంఫ్రీ డేవీ దీన్ని బ్రిటిష్ నౌకాదళం కోసం కనిపెట్టాడు. ఓడల అడుగున కొట్టిన రాగి రేకుల్ని సముద్రపు నీరు తినేస్తుంటే, వాటికి జింకు, ఇనుప ముక్కలు తగిలించాడు. రాగి కరగడం ఆగిపోయింది. కానీ ఆ కరిగే రాగే అంతవరకూ గుల్లలూ నాచూ అంటకుండా కాపాడుతోందని అప్పుడు బయటపడింది. ఓడలకి గుల్లలు పట్టి వేగం తగ్గింది, నౌకాదళం ఆ పద్ధతిని పక్కన పెట్టేసింది. సిద్ధాంతం మాత్రం నిలబడింది. ఈరోజు ఉక్కు ఓడల అడుగున జింకు దిమ్మలో అల్యూమినియం దిమ్మలో బిగిస్తారు, లేదా బయటి నుంచి కరెంటు పంపుతారు. భూమిలో పాతిన గ్యాసు, ఆయిలు పైపులకూ ఇదే రక్షణ.

ఓడ ఉండేది నీళ్లలో, పైపు ఉండేది తడిమట్టిలో. ఆ దిమ్మనే, లేదా బయటి కరెంటు బయల్దేరే ముక్కనే, యానోడ్ అంటారు. అది కూడా అదే నీళ్లలో, అదే మట్టిలో ఉంటుంది. కరెంటు యానోడ్ నుంచి బయల్దేరి నీటి గుండానో మట్టి గుండానో ఉక్కుని చేరి, వైరు గుండా తిరిగి వెళ్తుంది. ఈ చుట్టు ఎక్కడ తెగినా రక్షణ సున్నా. కారు ఉండేది గాలిలో. దాని మీద ఉండేది నీరు కాదు, నీటి పొర. అదీ ముక్కలు ముక్కలుగా, ఎక్కడికక్కడ విడివిడిగా. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరు పీల్చుకుని కరుగుతుంది. విశాఖలో చాలా రాత్రులు జరిగేది అదే. ఆ చెమ్మ డోర్ మడతలో, వెల్డింగు అతుకులో కూర్చుంటుంది. బానెట్ కింద పొడిగా, పెయింట్ మీద అతికించిన బిళ్ల నుంచి ఆ మడతలోని చుక్కకి కరెంటు ఏ దారిన వెళ్తుంది? దారే లేదు.

షాపులో చూపించే వీడియో నాకూ చూపించాడు. తొట్టెలో ఉప్పునీళ్లు పోసి రెండు రేకు ముక్కలు వేస్తారు. డబ్బాకి కలిపినది మెరుస్తుంటుంది, కలపనిది ఎర్రబడుతుంది. అది కనికట్టు అనను. తొట్టెలో నీళ్లున్నాయి కాబట్టి చుట్టు పూర్తయింది, నిజంగానే పనిచేస్తుంది. కారుని సముద్రంలో ముంచి ఉంచేవాళ్లకి ఆ డబ్బా ఉపయోగపడవచ్చు. జనం నమ్మేది ఆ నిజమైన ప్రయోగాన్ని చూసే. దాన్ని చూపించి, దానితో పోలిక లేని చోట సరుకు అమ్మడం మోసమే. 1990ల మధ్యలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ‘రస్ట్ ఎవేడర్’ అనే ఇలాంటి డబ్బా మీదే చర్య తీసుకుంది. కారుకి తుప్పు తగ్గిస్తుందన్న మాటకి ఆధారం లేదన్నదే అక్కడి ఆరోపణ. అంత చరిత్ర ఉన్న సరుకు ఇప్పుడు మన ఇళ్ల ముందుకి కొత్త టెక్నాలజీ పేరుతో వస్తోంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఆ అధికారాన్ని ఇలాంటి వాటి మీద వాడాలి.

కారు తయారీలో కరెంటు నిజంగా అక్కరకొచ్చే చోటు ఒకటుంది. ఫ్యాక్టరీలో బాడీ మొత్తాన్ని రంగు తొట్టెలో ముంచి కరెంటు పంపుతారు. రంగు మూలమూలకీ వెళ్లి పట్టుకుంటుంది. అక్కడా తొట్టె ఉంది, ద్రవం ఉంది, చూడండి. కారు ఇంటికొచ్చాక చేయవలసింది వేరు: చక్రాల గూళ్లని మంచినీళ్లతో కడగడం, డోర్ల అడుగున నీరు కారే రంధ్రాలు పూడకుండా చూడటం, గీత పడ్డ చోట వెంటనే రంగు అద్దడం, లోపలి బోలు భాగాల్లో మైనం కలిసిన నూనె కొట్టించడం. వీటికి పచ్చ లైటు ఉండదు కాబట్టి ఎవరి కంటికీ ఆనవు.

మా తోడల్లుడు బీటెక్ చదివినవాడు. ఇంటర్ రెండో ఏడాది కెమిస్ట్రీలో విద్యుత్ రసాయన శాస్త్రం పాఠం ఉంది, అందులో తుప్పు గురించీ ఉంది. నెర్న్‌స్ట్ సమీకరణంలో అంకెలు వేసి నిమిషంలోపు జవాబు గుర్తించడం మన పిల్లలకి వచ్చినంతగా ఇంకెవరికీ రాదేమో. తెల్లవారకముందే లేపి, రాత్రి పదింటిదాకా కూర్చోబెట్టి, ఎంసెట్ కోసం అదే చేయించాం. యానోడ్ ఎక్కడుంది, కాథోడ్ ఎక్కడుంది, మధ్యలో ద్రవం ఏది అని ఒక నిజమైన వస్తువుని చూపించి అడగలేదు. ల్యాబుల్లో దుమ్ము పట్టిన సీసాలు, పరీక్షకి ముందు రోజు నింపిన రికార్డులు. ఈ మాట నేను ఇదివరకూ రాశాను, మళ్లీ రాస్తాను. ర్యాంకులు తెచ్చుకున్న రాష్ట్రంలో నల్ల డబ్బాలు ఇంత సులువుగా అమ్ముడుపోవడానికి కారణం ఆ ల్యాబుల్లోనే ఉంది.

అడగకపోవడం కారు దగ్గర పద్దెనిమిది వేలతో పోతుంది. కోనసీమలో ప్రాణాలే పోయాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గ్యాసు పైపు పగిలి, మంటల్లో ఇరవై మందికి పైగా చనిపోయారు. పైపు పొడి గ్యాసు కోసం వేసింది. అందులో పంపింది తేమతో కూడిన గ్యాసు. ఆ నీరు పైపుని లోపలి నుంచి తినేసింది. బయట ఎంత పక్కాగా కాథోడిక్ రక్షణ పెట్టినా పైపు లోపలి గోడకి అది అందదు. కారు డోర్ మడతకి డబ్బా కరెంటు అందనట్టే. తుప్పు నష్టం ప్రపంచ ఆదాయంలో 3.4 శాతమనీ, తెలిసిన పద్ధతులే సరిగ్గా వాడితే అందులో 15 నుంచి 35 శాతం మిగులుతుందనీ నేస్ అనే అంతర్జాతీయ సంస్థ 2016లో లెక్క కట్టింది. నగరం గ్రామంలో పోయినవాళ్లు ఏ శాతంలోకీ రారు.

నిజమైన రక్షణని కొలుస్తారు. భూమిలోని ఉక్కు పైపుకి, కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి చూసినప్పుడు, మైనస్ 850 మిల్లీవోల్టులైనా ఉండాలన్నది ఈ రంగంలో అందరూ వాడే ప్రమాణం. పైపు లోపలికి పరికరం పంపి గోడ మందాన్ని పరీక్షిస్తారు. ఆ అంకెలు కంపెనీ ఫైళ్లలో ఉంటాయి, పైపు మీద నివసించే ఊరికి తెలియవు. తాటిపాక నుంచి కొండపల్లి దాకా, ఆ గెయిల్ పైపు వెళ్లే ప్రతి పంచాయతీ ఆఫీసులో ఆ అంకెల్ని తెలుగులో రాసి పెట్టాలి. ఏ తేదీన కొలిచారో, ఎవరు సంతకం చేశారో కూడా ఉండాలి.