గడువు 30 రోజులే.. పరీక్షించి కొంటేనే మేలు
రోబో సాఫ్ట్‌వేర్ల ఎంపికలో చిన్న పరిశ్రమలకు ముందుచూపు అవసరం

పెనుకొండ: ఎర్రమంచి వద్ద కియా కార్ల పరిశ్రమ 2019లో ఉత్పత్తి ప్రారంభించిన విషయం విదితమే. దాని వెంట అనుబంధ పరిశ్రమలూ వచ్చాయి. వాహన విడిభాగాల తయారీలో వెల్డింగ్‌ వంటి పనులకు రోబోల వాడకం సర్వసాధారణమైంది. అయితే కొత్త భాగం వచ్చిన ప్రతిసారీ రోబోకు దారి నేర్పాల్సిందే. టీచ్‌ పెండెంట్‌తో ఒక్కో బిందువు చూపుతూ పోతే అంతసేపూ ఉత్పత్తి నిలిచిపోతుంది. ఈ పనిని ముందుగానే కంప్యూటర్‌పై పూర్తిచేసేందుకు వచ్చినవే ఆఫ్‌లైన్‌ ప్రోగ్రామింగ్‌ సాఫ్ట్‌వేర్లు.

ఏబీబీ రోబోట్‌స్టూడియో, ఫానుక్‌ రోబోగైడ్‌, కుకా సిమ్‌ ప్రధానంగా ఆయా సంస్థల రోబోలకే ఉద్దేశించినవి. రోబోడీకే వంటివి పలు కంపెనీల రోబోలకు పనికొస్తాయి. రోబోట్‌స్టూడియో, రోబోడీకేలను 30 రోజులు ఉచితంగా పరీక్షించే వీలుంది. ఆ గడువును ఎలా వాడుకున్నామన్నదే కీలకం.

సొంత భాగంతోనే పరీక్ష
సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే నమూనాలు ఎప్పుడూ చక్కగానే నడుస్తాయి. వాటిని చూసి నిర్ణయానికి రావడం పొరపాటు. తమ భాగం, తమ ఫిక్చర్‌ డ్రాయింగులను ఎక్కించి, రోబో చేయి అన్ని చోట్లకూ అందుతోందా, ఎక్కడైనా తగులుతోందా అన్నది చూడాలి.

అసలు రోబోపై నడిస్తేనే..
ఏబీబీకి ర్యాపిడ్‌, కుకాకు కేఆర్‌ఎల్‌.. ఇలా ఒక్కో కంపెనీది ఒక్కో భాష. సాఫ్ట్‌వేర్‌ ఇచ్చిన ప్రోగ్రాం తమ కంట్రోలర్‌లో మార్పులు లేకుండా నడుస్తుందో లేదో తేల్చుకోవాలి. తొలిసారి తక్కువ వేగంతో నడపడం క్షేమం. తెరపై కనిపించిన సమయాన్ని వాస్తవ సమయంతో పోల్చాలి.

మిల్లీమీటర్ల తేడా
నేర్పిన చోటికే మళ్లీ మళ్లీ రావడంలో రోబో దిట్ట. కంప్యూటర్‌ లెక్కగట్టిన చోటికి చేరడంలో మాత్రం అంత కచ్చితత్వం ఉండదు. క్యాలిబ్రేషన్‌ లేకుంటే వెల్డింగ్‌ పక్కకు పడుతుంది. దీన్ని సరిదిద్దే సౌకర్యం సాఫ్ట్‌వేర్‌లో ఉందో లేదో గడువులోగానే చూడాలి.

డ్రాయింగులు సిద్ధం కాకుండా గడువు ప్రారంభిస్తే సగం రోజులు నేర్చుకోవడానికే సరిపోతాయి. పరీక్ష బాధ్యతను బయటి నిపుణులకు వదిలేయక, రేపు రోబోను నడపబోయే స్థానిక ఐటీఐ, పాలిటెక్నిక్‌ యువతకు అప్పగించడం ఉభయతారకం. వారికి అర్థంకాని సాఫ్ట్‌వేర్‌ ఎంత ఖరీదైనదైనా మూలన పడక తప్పదు.