గూట్లో కోళ్ళు, మెడలో తులసిమాల

బీదరులో మా ఇంటివాళ్ళలో సగంమంది మాంసం ముట్టరు, గుడ్డు ముట్టరు. అదే ఇంటి పెరట్లో నాలుగు తరాలుగా కోళ్ళున్నాయి. ఈ రెండూ ఒకే ఇంట్లో ఎట్లా ఇముడుతున్నాయని పండక్కి వచ్చిన చుట్టాలు అడుగుతూనే ఉంటారు. అడగడంలో తప్పు లేదు. కానీ 2021 డిసెంబరు నుంచి ఆ ప్రశ్న ఇంకో వేషంలో వస్తోంది. "మాల వేసుకున్న ఇల్లు మీది, బడిలో గుడ్లు పెట్టొద్దనే కాగితం మీద సంతకం ఎందుకు పెట్టరు?" అని. ఎందుకు పెట్టలేదో, ఇకముందు కూడా ఎందుకు పెట్టమో ఈసారి రాసి పెడుతున్నాం. ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి బారసాలలోనూ మొదటినుంచి చెప్పే ఓపిక మాకు లేదు.

ముందు మాల సంగతి. మావాళ్ళు నారాయణఖేడ్ వైపు నుంచి నిజాం కాలంలో బీదరు వచ్చి స్థిరపడ్డారు. అప్పటికి బీదరు హైదరాబాదు సంస్థానంలో జిల్లా. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిపారు. మేము కదల్లేదు, రాష్ట్రమే మారింది. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ కన్నడం, భజనలో మరాఠీ. పండరిపురం వారి దారి మాకు దగ్గర కాబట్టి మా నాయనమ్మ అత్తగారి కాలంలోనే తులసిమాల ఇంట్లోకి వచ్చింది. మాల వేసుకున్నవాళ్ళు మాంసం, గుడ్డు, కల్లు వదిలేస్తారు. వేసుకోనివాళ్ళు తింటారు, కాకపోతే వేరే పొయ్యి, వేరే గిన్నెలు, ఏకాదశినాడు అదీ లేదు. ఎవరి మాల వాళ్ళు అడిగి వేసుకున్నదే. పిల్లల మెడలో మేము వేయలేదు.

కోళ్ళు మాత్రం మొదటినుంచీ ఆడవాళ్ళవి. చేను, ఎడ్లు, బర్రెల లెక్క మగవాళ్ళ చేతిలో ఉన్నప్పుడు గుడ్ల డబ్బులు నాయనమ్మ కొంగుముడిలో ఉండేవి. మా మేనత్తల పుస్తకాలు, ఒక చెవి కమ్మల జత ఆ ముడిలోంచే వచ్చాయి. ఆమె మాల వేసుకున్న మనిషి, గుడ్డు రుచి మర్చిపోయిన మనిషి. అయినా ఏ పెట్ట పొదగడానికి కూర్చుంది, దాని కింద ఎన్ని గుడ్లు పడతాయి, 21వ రోజు ఏ వారం వస్తుంది, అన్నీ వేళ్ళ మీద ఉండేవి. చీకట్లో దీపానికి అడ్డం పెట్టి చూసి ఒట్టి గుడ్డును పక్కన తీసేది. కొక్కెర తెగులు ఊళ్ళోకి వచ్చిందని వింటే గంప దించి బయటి కోడిని వాకిట్లోకి రానిచ్చేది కాదు. దేశవాళీ పెట్ట ఏడాదికి పెట్టేవి 60 నుంచి 80 గుడ్లు. అందులో కొన్ని పొదుగుకు పోతే మిగిలినవే అమ్మకానికి.

ఇప్పుడు గూట్లో రకాలు మారాయి. బెంగళూరు హెబ్బాళలో తయారైన గిరిరాజ, హైదరాబాదు రాజేంద్రనగర్‌లో తయారైన వనరాజ, గ్రామప్రియ. ఇవి ఎక్కువ పెడతాయి, కానీ పొదగడం మీద ధ్యాస ఉండదు. వాటి గుడ్లను కూడా మన నాటుపెట్ట కిందే పెట్టాలి. (పశువైద్య విశ్వవిద్యాలయం మన బీదరులోనే నందినగర్‌లో ఉంది, ఊరు ఆ సంగతి ఇంకా సరిగ్గా వాడుకోలేదని మా అభిప్రాయం.)

రకం ఏదైనా ఒక లెక్క మారదు. పిల్లలైనవాటిలో సుమారు సగం పుంజులే. గూటికి ఒక పుంజు చాలు. రెండోది వస్తే పొడుచుకుంటాయి, మూడోది వస్తే పెట్టలకు వీపు మీద ఈకలు మిగలవు. మరి ఆ పుంజులు ఎక్కడికి పోతాయి? గుడ్లు మానేసిన ముసలి పెట్ట ఎక్కడికి పోతుంది? పెరట్లో కోళ్ళున్న ఏ శాకాహారి ఇంటివాళ్ళనైనా ఈ మాట అడగండి, మాట మారుస్తారు. మేము మార్చం. అమ్ముతాం. ఆదివారం పొద్దున ఇంటికే వచ్చి కొనుక్కుపోతారు. కొన్నవాడు దాన్ని ముద్దు చేసుకోడానికి కొనడని మాకు తెలుసు. నాయనమ్మకూ తెలుసు. "నేను తినను, అంతే. నేను తినకుంటే కోడి సావదని ఎవరు జెప్పిండ్రు?" అనేది. మాల వేసుకున్నవాళ్ళ నోట మేము విన్న నిజాయితీ మాట అదొక్కటే.

పట్నంలో ఉన్న మా పిల్లలు దీనికి ఇంకో దారి కనిపెట్టారు. పుంజు తొక్కని గుడ్డులో పిల్ల ఉండదు, కాబట్టి ఫారం గుడ్డు శాకాహారమేనట. పిల్ల ఉండదన్నది నిజమే. గాంధీగారు కూడా పాలు తాగేవాడికి అలాంటి గుడ్డు మీద అభ్యంతరం ఉండనక్కర్లేదని "కీ టు హెల్త్"లో రాశారు. మన చట్టం ఒప్పుకోదు, పాలకు ఆకుపచ్చ గుర్తు, గుడ్డుకు గోధుమరంగు గుర్తు. కానీ మా పేచీ గుర్తుతో కాదు. ఆ ఫారం పెట్టతోపాటు పుట్టిన మగపిల్ల సంగతేమిటి? గుడ్ల జాతిలో మగది మాంసానికీ లాభసాటి కాదు, పుట్టిన రోజే చంపేస్తారు. జర్మనీవాళ్ళు 2022 జనవరి నుంచి దాన్ని నిషేధించారంటే అక్కడ ఎన్ని చచ్చేవో ఆలోచించండి. మా పెరటి పుంజు కనీసం ఆరునెలలు పెంటకుప్ప గెలికి, గోడెక్కి కూసి పోతుంది. గుడ్డు తినాలనిపిస్తే తినండి నాయనా, ఈ ఇంట్లో ఎవరూ వద్దనలేదు. దానికి తులసిమాల వేయకండి, అంతే.

ఇక బడి గుడ్డు. 2021 డిసెంబరులో కర్ణాటక ప్రభుత్వం బీదరు, కలబురగి, యాదగిరి, రాయచూరు, కొప్పళ, బళ్ళారి, విజయపుర జిల్లాల బడుల్లో మధ్యాహ్న భోజనంతో ఉడికించిన గుడ్డు మొదలుపెట్టింది. ఈ జిల్లాలనే ఎందుకంటే పిల్లల్లో బలహీనత ఇక్కడ ఎక్కువ కనుక. తిననివాళ్ళకు అరటిపండు. వెంటనే కొందరు మఠాధిపతులు లేచారు, ఇది శరణుల నేల అన్నారు. కొప్పళ జిల్లా గంగావతిలో ఒక బడిపిల్ల, మాకు గుడ్డు కావాలి, ఇవ్వకపోతే మీ మఠానికే వచ్చి తింటామని కెమెరా ముందు తెగేసి చెప్పింది. ఆ పిల్ల మాట విని మా ఇంట్లో మాల వేసుకున్నవాళ్ళే ఎక్కువ నవ్వారు. పథకం ఆగలేదు, మిగతా జిల్లాలకూ పోయింది. 2024లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ డబ్బుసాయంతో వారానికి ఆరు రోజులయింది. కాగితాలు తిరగడమూ ఆగలేదు.

బసవన్న పేరు మాకేం పరాయిది కాదు. బసవకల్యాణం మా జిల్లాలోనే ఉంది. ఆయన చరిత్రను తెలుగులో బసవపురాణంగా చెప్పినవాడు మన పాల్కురికి సోమన. ఆ పుస్తకంలోనే కన్నప్ప కథ ఉంది. తాను వేటాడి తెచ్చిన మాంసం శివుడికి పెట్టిన బోయవాణ్ణి సోమన భక్తుడిగానే లెక్కపెట్టాడు, వంటింట్లోంచి గెంటలేదు. కల్యాణంలో చెప్పులు కుట్టే హరళయ్య, తోలు పని చేసే కక్కయ్య శరణులే. లింగాయతుల శాకాహారం మీద మాకు గౌరవం ఉంది, జీవహింస వద్దన్న మాటలో నిజం ఉంది. ఆ నిజం ఎవరి పళ్ళెంలో వాళ్ళు పాటించాల్సింది. కూలికి పోయిన తల్లి పొద్దున జొన్నరొట్టె, కారం పెట్టి పంపిన పిల్లవాడి పళ్ళెంలో కాదు. ఒక గుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి, అరటిపండులో ఒక్క గ్రాము. పాలూ పప్పూ ఇంట్లో ఉన్న మన పిల్లలకు ఈ తేడా లెక్కలోకి రాదు.

"పంక్తిలో గుడ్డు ఒకడికి, పండు ఒకడికి పెడితే పిల్లల్లో భేదం వస్తుంది" అన్నది మాకు వినిపించిన వాదనల్లో కొంచెం బరువున్నది. మా ఇంట్లో డెబ్భై ఏళ్ళుగా ఒకే వరసలో ఒకరికి కోడికూర, ఒకరికి పుంటికూర వడ్డిస్తున్నాం. పిల్లలు పక్కవాడి పళ్ళెంలోకి చూస్తారు, కాసేపు వెక్కిరించుకుంటారు, తిని చేతులు కడుక్కుంటారు. భేదం మొదలయ్యేది పక్కన కూర్చోనంటూ పెద్దవాళ్ళు లేపుకుపోయినప్పుడు.

అసలు మాకు మంట పుట్టించింది ఇది. ఆ కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళలో కనీసం మూడు ఇళ్ళవాళ్ళ పెరట్లో మాకంటే ఎక్కువ కోళ్ళున్నాయి. నాటుగుడ్డని చెప్పి ఫారం గుడ్డుకు రెట్టింపు ధర అడుగుతారు. కొనేవాళ్ళు కొంటారు, అది వాళ్ళ ఆదాయం, మాకు ఏ అభ్యంతరమూ లేదు. మరి ఆ గుడ్లు తింటున్నది ఎవరు? డబ్బిచ్చి కొనుక్కున్నవాడి బిడ్డ తింటే వ్యాపారం, బడిలో డబ్బివ్వకుండా తింటే అపచారమా? పుంజును అమ్మినప్పుడు గుర్తుకురాని జీవకారుణ్యం సర్కారు గుడ్డు ఉడికినప్పుడే ఎక్కడినుంచి దిగివస్తోంది? ఇవే ప్రశ్నలు వాళ్ళ ముఖం మీదే అడిగాం. "మేము అమ్ముతాం గానీ తినం కదా" అన్నారు. మేమూ అంతే. అందుకే సంతకం పెట్టలేదు.

మా సంతకం కావాలంటే ఒక దారి ఉంది. కాగితంలో మొదటి వాక్యంగా ఇది రాయండి: సంతకం పెట్టిన ఇంటివాళ్ళు ఈరోజు నుంచి గుడ్డు అమ్మరు, పుంజు అమ్మరు, ముసలి పెట్టలకు చచ్చేదాకా గింజలు వేసి సాకుతారు. దాని కింద ముందు మీ సంతకాలు పెట్టి తీసుకురండి. నాలుగేళ్ళుగా చెప్తున్నాం, అలాంటి కాగితం ఇంకా మా గడప తొక్కలేదు.