భవనాలు లేచాయి... ఖజానా మునిగింది

లండన్ నుంచి రైలులో అరగంట దూరంలో ఉన్న పట్టణం వోకింగ్. ముస్లిం పాఠకులకు ఈ పేరు కొత్త కాకపోవచ్చు. భోపాల్ నవాబు షాజహాన్ బేగం విరాళంతో 1889లో కట్టిన మసీదు అక్కడే ఉంది. బ్రిటన్‌లో మసీదు కోసమే కట్టిన మొదటి భవనం అది. దాని పక్కనే మన హైదరాబాద్ దివాన్ సర్ సాలార్ జంగ్ పేరిట స్మారక గృహం కూడా ఉంది. ఆ వోకింగ్ 2023లో మరో కారణంగా వార్తలకెక్కింది. అక్కడి పురపాలక సంఘం దివాలా తీసినంత పని అయింది.

ఆ ఏడాది జూన్‌లో సంఘం ఆర్థికాధికారి 1988 నాటి చట్టంలోని 114వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చారు. తప్పనిసరి సేవలు మినహా కొత్త ఖర్చులన్నీ ఆపాలని దాని అర్థం. 2023-24కు చేతిలో ఉన్న నిధులు కోటీ 60 లక్షల పౌండ్లు. తేలిన లోటు 120 కోట్ల పౌండ్లు! అప్పటికే ఉన్న అప్పు దాదాపు 180 కోట్లు. అది 260 కోట్లకు చేరుతుందని అంచనా వేశారు. జనాభా చూస్తే లక్ష పైచిలుకు. అంటే పసిపిల్లలతో సహా తలకు 17 వేల పౌండ్ల అప్పు.

ఇంత సొమ్ము ఎటు పోయింది? చాలా భాగం పట్టణ కేంద్రాన్ని కొత్తగా కట్టడానికి పోయింది. విక్టోరియా స్క్వేర్ పేరిట 34 అంతస్తుల నివాస భవనం, పెద్ద హోటల్, దుకాణాలు లేచాయి. ఖర్చు సుమారు 70 కోట్ల పౌండ్లకు పెరిగింది.

వారి లెక్క వినడానికి బాగానే ఉంది. కేంద్ర ప్రభుత్వ రుణ సంస్థ దగ్గర తక్కువ వడ్డీకి అప్పు తేవాలి. దాన్ని తమ సొంత కంపెనీలకు ఎక్కువ వడ్డీకి ఇవ్వాలి. మిగిలిన తేడాతో ఊరి సేవలు నడపాలి. ప్రభుత్వ గ్రాంట్లు తగ్గిపోతున్న రోజుల్లో ఆ ఆలోచన ఎందుకు పుట్టిందో అర్థం చేసుకోవచ్చు. కానీ కంపెనీలు తిరిగి చెల్లించగలవా? అసలు తీర్చడానికి ఏటా కొంత సొమ్ము పక్కన పెడుతున్నారా? ఈ రెండు చోట్లా లెక్క తప్పింది. పక్కన పెట్టింది చాలలేదు, ఇచ్చిన రుణాల్లో పెద్ద మొత్తాలు రాని బాకీలని తేలాయి. ఏళ్ల తరబడి వాయిదా పడిన భారం ఒక్కసారిగా పద్దులోకి వచ్చింది.

అప్పు చేసినవారు ఒకరు, మోసేవారు మరొకరు. పాత కన్జర్వేటివ్ పాలకుల స్థానంలో 2022లో లిబరల్ డెమోక్రాట్లు వచ్చారు. బాకీ మాత్రం పోలేదు. 2024లో సంఘం తన వాటా ఇంటి పన్నును దాదాపు 10 శాతం పెంచింది. కళలకు, ఆటలకు, స్వచ్ఛంద సంస్థలకు ఇచ్చే సొమ్ములో కోత పెట్టింది. ముస్లిం కుటుంబాలు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్న షీర్‌వాటర్‌లో పాత ఇళ్ల స్థానంలో కొత్తవి కట్టే పథకం తర్వాతి దశలు ఆగిపోయాయి. బాకీలో 50 కోట్ల పౌండ్లు తీర్చడానికి సూత్రప్రాయంగా అంగీకరిస్తున్నట్టు 2025 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. అదీ ప్రజల పన్నే కదా!

అప్పు చేసి కట్టడమే తప్పని ఎవరూ అనరు. రోడ్లూ నీళ్లూ ఇళ్లూ లేకుండా పెరిగే ఊరు ఎలా బతుకుతుంది? అయితే పాలకుల చేతిలోని ఖజానా ప్రజల అమానత్. తన డబ్బుతో జూదమాడినవాడు తాను నష్టపోతాడు. అమానత్‌తో ఆడితే దాన్ని అప్పగించినవారు నష్టపోతారు.

వోకింగ్ మసీదు కథలో కూడా ఒక పాఠం ఉంది. అది దానంతో లేచింది, అప్పుతో కాదు. అయినా కట్టించిన విద్వాంసుడు లైట్నర్ 1899లో మరణించాక నడిపించే ఏర్పాటు లేక మూతపడింది. 1913 నాటికి గాని మళ్లీ తెరుచుకోలేదు. మసీదైనా, మార్కెట్ అయినా కట్టడానికి సొమ్ము దొరికితే సరిపోదు. ఏటా నడిపేదెవరు, బాకీ ఉంటే తీర్చేదెవరు? శంకుస్థాపన రాయి వేసే రోజునే ఈ ప్రశ్న అడగాలి. అడగవలసింది ఆ ఊరి పౌరులే.