కుప్పం రన్‌వే ఏ ఇంజన్ కోసం?

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

కుప్పం విమానాశ్రయం మళ్లీ ప్రభుత్వ జాబితాకెక్కింది. 2019 జనవరిలో శంకుస్థాపన జరిగి, ప్రభుత్వం మారాక మూలనపడ్డ పథకం ఇది. శాంతిపురం, రామకుప్పం మండలాల్లో భూముల మాట మళ్లీ మొదలైంది. ఎకరాల లెక్క అందరి నోటా వినిపిస్తోంది గానీ, ఆ నేల మీద దిగబోయే విమానం ఏదో, దాని ఇంజన్ ఏదో, అందులో పోసే ఇంధనం ఏదో చెప్పిన నాథుడు లేడు. రన్‌వే ఎంత పొడవుండాలో నిర్ణయించేది విమానమూ దాని ఇంజనూ కదా! అది తేలకుండా ఎంత భూమి కావాలో ఎలా తేలింది?

జెట్ ఇంజన్ గాలిని లోపలికి లాక్కుని, కుదించి, అందులో ఇంధనం మండించి, వేగంగా వెనక్కి నెడుతుంది. గాలి పలచబడితే దాని బలం తగ్గుతుంది, రెక్కలకు ఊతమూ తగ్గుతుంది. మా చిత్తూరు పడమటి మండలాలు సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఎండ 35 డిగ్రీలకు చేరుతుంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ లెక్క ప్రకారం ప్రతి 300 మీటర్ల ఎత్తుకు రన్‌వే 7 శాతం పెరగాలి. ఆ ఎత్తున ఉండాల్సిన ప్రామాణిక ఉష్ణోగ్రతను దాటిన ప్రతి డిగ్రీకీ మరో శాతం కలపాలి. రెండూ కలిపితే ఇక్కడ 40 శాతం దాటుతుంది. సముద్ర తీరాన సుమారు 1,300 మీటర్లతో సరిపెట్టుకునే చిన్న విమానం ఏటీఆర్-72కు ఇక్కడ 1,800 మీటర్లకు పైగా కావాలి. ఎయిర్‌బస్ ఏ320 అయితే 3,000 మీటర్ల దగ్గరికి పోతుంది. పెంపు 35 శాతం దాటితే ఆ చోటికి ప్రత్యేక అధ్యయనం చేయాలని అదే సంస్థ చెబుతోంది. ఆ అధ్యయనం జరిగిందా? జరిగితే రైతుల ముందు ఎందుకు పెట్టరు?

ఇంధనం మాటకొస్తే, ఏటీఆర్‌కైనా ఎయిర్‌బస్‌కైనా కావలసింది కిరోసిన్ జాతికి చెందిన జెట్ ఏ-1. శిక్షణ విమానాల్లో ఎక్కువ భాగం పిస్టన్ ఇంజన్లవి; వాటిలో చాలావాటికి పెట్రోలు జాతికి చెందిన ఏవ్‌గ్యాస్ కావాలి. ఇండియన్ ఆయిల్ దాన్ని దేశంలోనే తయారుచేసి 2022లో విడుదల చేసింది. ఈ రెండు ఇంధనాలకూ ట్యాంకులు వేరు, విమానంలో నింపే బండ్లు (బౌజర్లు) వేరు. ఒకదాని బదులు మరొకటి పోస్తే ప్రాణాలకే ముప్పు. ఇక్కడ ఇంధన నిల్వే లేకపోతే విమానం తిరుగు ప్రయాణానికి సరిపడా నింపుకునే రావాలి. ఆ బరువుకు బదులు ప్రయాణికులనో సరుకునో తగ్గించాలి. ఈ లెక్క ఎవరు వేశారు?

రాష్ట్రంలో విమాన ఇంధనం (ఏటీఎఫ్) మీద వ్యాట్ ఒక శాతమేననీ, తమిళనాడులో 29 శాతమనీ, కాబట్టి విమాన సంస్థలు వాటంతటవే వస్తాయనీ అంటారు. పన్ను తక్కువ ఉండడం మంచిదే, కాదనను. కానీ ట్రూజెట్ సంస్థ సర్వీసులు ఆగిపోయినప్పుడు కడప విమానాలను ఆ ఒక్క శాతం కాపాడలేదు. పుట్టపర్తిలో రెండు కిలోమీటర్లకు పైగా రన్‌వే ఉంది, రోజువారీ సర్వీసులు మాత్రం లేవు. మదనపల్లె టమోటా విమానమెక్కుతుందనే మాట కూడా ఉంది. సరుకుల ఏటీఆర్ మోసేది దాదాపు తొమ్మిది టన్నులే. అంత సరుకును ఒక లారీ తెల్లారేసరికి బెంగళూరు చేరుస్తుంది. ఆ లారీ కిరాయికి ఏ విమానం వస్తుంది? పైగా 150 కిలోమీటర్ల లోపు కొత్త విమానాశ్రయాన్ని అడ్డుకునే నిబంధన బెంగళూరు విమానాశ్రయ ఒప్పందంలో 2033 దాకా ఉంది. హోసూరు విమానాశ్రయానికి అడ్డమైన ఆ నిబంధన కుప్పానికి అడ్డం కాదా?

విమానం వద్దని మేం అనడం లేదు. పుంగనూరు ఇప్పటికీ రైలు మొహం చూడలేదు. మదనపల్లె స్టేషన్ ఊరికి దూరంగానే ఉండిపోయింది. ఇన్నేళ్లూ ఓర్చుకున్నవాళ్లు ఇప్పుడు సాగు భూమి కూడా ఇవ్వాలా, ఏ విమానానికో తెలియకుండానే? మీరు ఇంజనీరింగ్ చదివిన మంత్రి. ఈ లెక్కలు మీకు కొత్త కావు. భూమి పత్రాల మీద సంతకాలు పడేలోపు కాస్త వివరంగా మాట్లాడండి. తెలుగులోనే మాట్లాడండి.

ఇట్లు,
చిత్తూరు పడమటి మండలాల పౌరుడు